రోస్వీటా కాలు, ఓట్మార్ గీతలు

ఫ్రైబుర్గ్‌లో ట్రాము లైను చివర, పదహారు కుటుంబాలు కలిసి కట్టుకున్న చెక్క ఇల్లొకటి ఉంది. ఆ ఇంట్లో కారున్నవాళ్లు లేరు. ఉన్నా చెప్పుకునే ధైర్యం ఎవరికీ లేదు. కప్పు మీద సోలార్ పలకలు, పెరట్లో తేనెటీగల పెట్టెలు, మెట్ల కింద వరసగా ఐదు చెత్తడబ్బాలు. అక్కడి పిల్లలకి అక్షరాలు రాకముందే ఏ చెత్త ఏ డబ్బాలో వెయ్యాలో వచ్చేస్తుంది.

ఈ ఇంటికి ఆస్థాన వైద్యురాలు రోస్వీటా. ఆవిడ వైద్యం చదవలేదు. ముప్పై ఏళ్లు మునిసిపల్ లైబ్రరీలో పుస్తకాలు సర్ది, రిటైరయ్యాక మనుషుల్ని సర్దడం మొదలుపెట్టింది. చెవిపోటొస్తే ఉల్లిపాయ మూట, జ్వరమొస్తే పిక్కలకి తడిగుడ్డ, కీళ్లు పట్టేస్తే క్యాబేజీ ఆకు, మనసు బాగాలేకపోతే లావెండర్. లావెండర్ పడనివాళ్లకి, అది పడేలా చేసే ఇంకో ఆకు. పడకగదిలో సగం, స్నానాలగదిలో మొత్తం ఆవిడ సీసాలే. మొగుడు ఓట్మార్ నాలుగేళ్లుగా గడ్డం వంటింటి సింకులో గీసుకుంటున్నాడు.

అందుకే ఆవిడ కన్ను కింది అంతస్తులో ఖాళీగా ఉన్న గది మీద పడింది. ఉత్తరం కిటికీ, మందపాటి గోడలు, ఎప్పుడూ చల్లగా ఉంటుంది. ఆకులు ఎండబెట్టడానికి ఆ గదిని మించింది జిల్లాలో లేదని ఆవిడ నమ్మకం. గోడ నిండా అరలు, అరల నిండా సీసాలు, తలుపు మీద ‘మూలికల గది’ అని చెక్కిన పలక. పలక చెక్కించడం కూడా అయిపోయింది. మంచం కింద ఉంది.

అడ్డమల్లా ఒక్కటే. ఆ ఇంట్లో ఏం చెయ్యాలన్నా అందరూ ఒప్పుకోవాలి. నెలకోసారి సభ జరుగుతుంది. ఇంటింటికీ ఒక ఎర్ర చీటీ ఇస్తారు. ఒక్క ఎర్ర చీటీ లేచినా ఆ సంగతి మళ్లీ రెండేళ్లదాకా ఎత్తకూడదు. రెండేళ్ల కిందట మొదటి అంతస్తు ఆయన తనకి వాసనలు పడవని చీటీ ఎత్తాడు. ఆయన ఇల్లు మారి వెళ్లిపోయాడు. ఈ గురువారం మళ్లీ సభ. ఈసారి కూడా కాదంటే గది పింగ్‌పాంగ్ బల్లకి పోతుంది. ఆ బల్ల అప్పుడే కొనేసి, కింద నడవాలో గోడకి ఆనించి పెట్టారు. రోస్వీటా రోజూ దాని పక్కనుంచే సవతిని చూసినట్టు చూస్తూ వెళ్లొస్తోంది.

అలాంటి వారంలో, సోమవారం పొద్దున, ఆవిడ ఎడమ కాలు ఎర్రబడింది.

రోజూ ఆరింటికి ఎనిమిది మంది ఆడవాళ్లని వెంటేసుకుని పొద్దుటి మంచుకి తడిసిన గడ్డిలో ఉత్తకాళ్లతో నడుస్తుంది రోస్వీటా. ఆ రోజు సగంలో వెనక్కొచ్చి, జూలై నెలలో మూడు దుప్పట్లు కప్పుకుని వణుకుతూ పడుకుంది. ఓట్మార్ కాఫీ కప్పుతో వచ్చి దుప్పటి ఎత్తి చూశాడు.

“కాలు ఎర్రగా ఉందేంటి?”

“రక్తం బాగా పారుతోంది. మంచులో నడిస్తే అంతే.”

“ఒంటికాలి మీద నడిచావా?”

“ఓట్మార్, ఫ్రిజ్‌లోంచి క్యాబేజీ తే.”

తెచ్చాడు. ఆవిడ ఆకు ఈనె తీయించి, సీసాతో మెత్తగా నలిపించి, కాలికి చుట్టించుకుంది. చుట్టే ముందు ఓట్మార్ జేబులోంచి పెన్ను తీసి, ఎరుపు ఎక్కడిదాకా ఉందో అక్కడ చుట్టూ గీత గీసి, పక్కన ‘సోమ 9.00’ అని రాశాడు. ముప్పై నాలుగేళ్లు సర్వే శాఖలో పనిచేసిన మనిషి. హద్దు కనిపిస్తే చెయ్యి ఊరుకోదు.

“ఏంటిది?” అంది రోస్వీటా.

“నువ్వు ఆకు పెట్టుకో, నేను గీత పెట్టుకుంటా. ఎవరి నమ్మకం వాళ్లది.”

పదకొండింటికి ఆకు మార్చారు, ఇంకో గీత. ఒంటిగంటకి క్వార్క్ పట్టీ. క్వార్క్ అంటే చెంచా గుచ్చితే నిలబడేంత గట్టి పెరుగు. అక్కడివాళ్లు దాన్ని రొట్టెకీ పూస్తారు, మోకాలికీ పూస్తారు. ఏది దేనికోసం తీసిపెట్టారో అడక్కుండా తినడం ఓట్మార్ మానేసి చాలాకాలమైంది. మూడింటికి హోమియో గుళికలు, ఐదు. ఆరింటికి ఇంకో ఐదు. జ్వరం ముప్పై తొమ్మిదిన్నర. రాత్రికి కాలి మీద ఐదు గీతలయ్యాయి, కొండల మ్యాపులా ఒకదాని పైన ఒకటి.

మంగళవారం తెల్లారి ఓట్మార్ టేపు పెట్టి కొలిచాడు.

“నిన్నటి నుంచి పదకొండు సెంటీమీటర్లు. రైన్ నదికి వరదొచ్చినప్పుడు కూడా ఇంత స్పీడు లేదు.”

“ముందు ఎక్కువవుతుంది, తర్వాత తగ్గుతుంది. మందు పట్టిందనడానికి అది మంచి సూచన,” అంది రోస్వీటా పళ్లు టకటకలాడిస్తూ.

“మోకాలు దాటితే?”

“ఇంకా మంచి సూచన.”

“తొడదాకా వస్తే ఊరేగింపు పెట్టిద్దామా?”

రోస్వీటా లేచి నిలబడి సమాధానం చెబుదామనుకుంది. నిలబడ్డం కుదర్లేదు. కాలు నేల మీద ఆనగానే కళ్లు బైర్లు కమ్మాయి. మంచం అంచు పట్టుకుని కూర్చుంది. గురువారం ఏడింటికి సభ. తను ఆసుపత్రి మంచం మీద ఉంటే గది గురించి మాట్లాడేదెవరు? ఓట్మార్‌ని పంపితే ఈ మనిషి గది వైశాల్యం చెప్పి వచ్చేస్తాడు.

“డాక్టరు దగ్గరికి పోదాం,” అంది చివరికి. “కానీ మన పేటలో వద్దు. ఊరికి అవతలి చివర. ఇంట్లో ఒక్క పిట్టకి తెలిసినా నా గది గోవిందా. ‘క్యాబేజీ ఆవిడే మాత్రలు మింగుతోంది, మనకెందుకీ గది’ అంటారు.”

వాళ్లకున్న వాహనం ముందు పెద్ద పెట్టె ఉండే సైకిల్ బండి. మామూలుగా అందులో పెరటి ఎరువు ప్రయాణం చేస్తుంది. రోస్వీటాని అందులో కూర్చోబెట్టి, కాలు ముందుకి చాపించి, కాలి మీద గోనెపట్టా కప్పి, పట్టా మీద రెండు ఉల్లికాడల కట్టలు పెట్టాడు ఓట్మార్. గేటు దగ్గర మూడో అంతస్తు స్వాంట్యె ఎదురైంది. ఆవిడ ఊపిరి పీల్చడం నేర్పే క్లాసులు నడుపుతుంది.

“ఎక్కడికి, ఇద్దరూ?”

“సంతకి,” అంది రోస్వీటా.

“మంగళవారం సంత లేదుగా?”

“అందుకే వెళ్తున్నాం. తోపులాట ఉండదు.”

ఊరి అవతలి చివరికి అరగంట తొక్కాక దొరికిన డాక్టరు పేరు సెవిమ్. నలభై ఏళ్లావిడ. మేజోడు తీయగానే ముక్కు ఎగబీల్చింది.

“క్యాబేజీనా అండీ?”

“సేంద్రియం,” అంది రోస్వీటా.

“సంతోషం. ఈ గీతలు ఎవరు గీశారు?”

ఓట్మార్ బళ్లో పిల్లాడిలా చెయ్యెత్తాడు.

“ఈ నెలలో నా దగ్గరికొచ్చిన రిపోర్టులన్నిట్లో ఇదే బాగుంది. టైముతో సహా వేశారు.” డాక్టరు వేళ్ల సందులు విడదీసి చూసింది. “ఇదిగో, ఇక్కడ పగిలింది. క్రిములు ఇక్కణ్నుంచే లోపలికొచ్చాయి. దీనికేం రాస్తున్నారు?”

“థైమ్ ఆకు వేసి ఊరబెట్టిన వెనిగరు.”

“ఇకమీదట సలాడ్‌లో వేసుకోండి. పగుళ్లు మానేదాకా తడిగడ్డిలో నడక బంద్. పెన్సిలిన్ పదిరోజులు. కాలు పైకెత్తి పెట్టుకోవాలి. తగ్గింది కదా అని మధ్యలో ఆపారో, మళ్లీ ఇక్కడికే వస్తారు. ఎరుపు ఇప్పుడు నేను గీసే గీత దాటితే నా దగ్గరికి కూడా రాకండి, తిన్నగా ఆసుపత్రికే.”

“మరి... క్వార్క్?” అంది రోస్వీటా.

“పెట్టుకోండి. పగిలినచోట తప్ప. చల్లగా హాయిగా ఉంటుంది, వాపుకి మంచిదే. క్రిములకి మాత్రం క్వార్క్ అంటే భయం లేదండీ. వాటి భయం వేరు.”

డాక్టరు కసురుకుంటుందని, నవ్వుతుందని, పోట్లాటకి నాలుగు మాటలు దారిపొడుగునా నూరుకుంటూ వచ్చింది రోస్వీటా. ఒక్కటీ వాడుకోనివ్వలేదావిడ. దానికి మండింది.

మొదటి మాత్ర సేజ్ ఆకు టీతో మింగింది, ఒంటికి ఒక్కసారిగా బెదురు పుట్టకుండా. బుధవారం మధ్యాహ్నానికి జ్వరం దిగింది. ఎరుపు డాక్టరు గీతకి రెండు వేళ్లు ఇవతలే ఆగిపోయి, అలిగిన చుట్టంలా మెల్లగా వెనక్కి నడవడం మొదలెట్టింది. రోస్వీటా ఇందులో సగం ఘనత క్వార్క్‌దే అంది. ఓట్మార్ పెన్ను తీశాడు. గీత గీసి టైము వేశాడు.

ఇక సాక్ష్యం మాయం చెయ్యాలి. మాత్రలన్నీ రేకు పట్టీల్లోంచి ఒలిచి ‘అడవి థైమ్’ అని రాసున్న డబ్బాలో పోసింది. మిగిలింది ఒక అట్టపెట్టె, మందు వివరాలున్న దుప్పటంత కాగితం, మూడు ఖాళీ పట్టీలు.

“అన్నీ కలిపి, ఎందులోకీ రాని చెత్త వేసే నల్లడబ్బాలో పడేయ్,” అన్నాడు ఓట్మార్. “దాంట్లో దేవుడు కూడా చెయ్యి పెట్టడు.”

పిల్లికూనని బావిలో పడేయమన్నట్టు చూసింది రోస్వీటా.

“అట్టపెట్టెనా? నల్లడబ్బాలోనా?”

“ఒక్కసారికేగా.”

“ఒక్కసారికి ఒక్కసారికి అంటూనే భూమిని ఇలా తగలేశారు.”

“పోనీ వాళ్ల మందులషాపు దగ్గర పడేసి వస్తా, ఇటివ్వు.”

“మన చెత్త ఇంకో పేటకి ఎగుమతి చేస్తామా? మన గురించి ఏమనుకుంటారు?”

“ఎవరు?”

రోస్వీటా అట్టపెట్టె అందుకుంది. కాలు కుర్చీ మీద పెట్టుకుని నలభై నిమిషాలు పనిచేసింది. అట్టపెట్టె మడతలు విప్పి చదును చేసింది. మందులషాపువాళ్లు ‘రోజుకి మూడు’ అని అంటించిన జిగురు చీటీని కెటిల్ ఆవిరి పట్టి ఊడదీసింది, కాగితం డబ్బాలో జిగురు పడకూడదు కాబట్టి. పట్టీల వెనక వెండి రేకుని గోటితో చివరిదాకా ఒలిచి, రేకు వేరు, ప్లాస్టిక్ వేరు చేసింది. తర్వాత చీకటి పడేదాకా ఆగి, తేలు కుట్టిన దొంగలా కుంటుకుంటూ వెళ్లి, దేన్ని ఎక్కడ వెయ్యాలో అక్కడ వేసి వచ్చి, నిశ్చింతగా పడుకుంది. ఎక్కడా పేరు లేదు. ఎవరు పట్టుకుంటారు?

గురువారం ఏడింటికి కింద హాల్లో సభ. జూలై ఉక్కలో మోకాళ్లదాకా ఉన్ని మేజోళ్లు, పొడుగు లంగా వేసుకుని వచ్చింది రోస్వీటా. కాలు బెణికిందని చెప్పి ఇంకో కుర్చీ మీద చాపుకుంది. సభలో మాట్లాడేవాళ్ల చేతిలో ఏటిరాయి ఒకటి ఉండాలి. ముందుగా రాయి అందరి చేతుల్లోకీ తిరిగింది, ఎవరి మనసు ఎలా ఉందో చెప్పడానికి. దానికి గంట పట్టింది. రోస్వీటా “ఆరోగ్యంగా ఉన్నాను” అని రాయి దాటించేసింది. మొదటి అంతస్తుకి కొత్తగా వచ్చిన ముసలావిడ హెడ్‌విగ్ “ఆకలిగా ఉంది” అంది.

రెండో అంశం చెత్త నివేదిక. ఇంటి చెత్త బాధ్యుడు ఫోల్క్‌మార్. చర్చిల్లో ఆర్గన్ వాయిద్యాలకి శృతి చేస్తాడు. శృతి తప్పితే చెవికి తెలిసినట్టే, చెత్త తప్పితే ఆయన కంటికి తెలుస్తుంది. చేతులకి తొడుగులు వేసుకుని, సంచిలోంచి ఒక చదునైన అట్ట తీసి పైకెత్తాడు. రోస్వీటా ఉన్ని మేజోడు ఇంకాస్త పైకి లాక్కుంది.

“ఇది ఫిర్యాదు కాదు,” అన్నాడు ఫోల్క్‌మార్. “పదకొండేళ్లలో మొదటిసారి అభినందన. చూడండీ పెట్టె. ఒక్క మడత కూడా చింపలేదు, విప్పారు. జిగురు చీటీ ఆవిరి పట్టి తీశారు, మచ్చ కూడా లేదు. ప్లాస్టిక్ వేసే పసుపు సంచిలో మూడు పట్టీలు, వెనక రేకు మొత్తం ఒలిచి, రెండూ వేరువేరుగా! నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఇంత ఒద్దికగా ఈ ఇంట్లో పని చేసేది...”

అక్కడ ఆగిపోయాడు. చూపు మెల్లగా రోస్వీటా వైపు తిరిగింది. దానివెంట ముప్పై తలకాయలు తిరిగాయి.

ఫోల్క్‌మార్ మంచివాడు. అట్టని గభాలున వీపు వెనక దాచాడు. అప్పటికే ఆలస్యమైంది.

“దానిమీద ఏం రాసుంది?” అంది స్వాంట్యె.

“ఏదో... చిన్న అక్షరాలు.”

“పెన్సిలిన్ అనుంది. ఇక్కణ్నుంచే కనిపించింది,” అంది హెడ్‌విగ్. ఎనభై నాలుగేళ్ల కళ్లు.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోకూడదని రోస్వీటాకి తెలుసు. చేతులు ఒళ్లో బిగించి పెట్టుకుంది. పిల్లికని చెబుదామా? పిల్లి లేదు. ఓట్మార్‌కని చెబుదామా? ఓట్మార్ పైకప్పు దూలాలు లెక్కపెడుతున్నాడు, ఆ మొహానికి అబద్ధం అతకదు. పైగా స్వాంట్యె నోటి మీద చెయ్యి వేసుకుని, “మొన్న నా కొడుక్కి చెవిపోటొస్తే ఉల్లిపాయ మూట కట్టమన్నావు కదా రోస్వీటా!” అంది.

ఆ మాట తగలాల్సిన చోట తగిలింది. రోస్వీటా చెయ్యి చాపి రాయి అడిగి తీసుకుంది.

“నాదే,” అంది. “సోమవారం క్యాబేజీ, క్వార్క్, గుళికలు, అన్నీ అయ్యాయి. మంగళవారానికి కాలు మోకాలిదాకా కాలిపోయింది. డాక్టరు దగ్గరికెళ్లా. మాత్రలు మింగా. ఇంకో వారం మింగుతా. సంతలేదు, గింతలేదు. కావాలంటే చూడండి.”

మేజోడు కిందికి లాగింది.

జనం లేచి దగ్గరికొచ్చారు. ముందు కాలు చూడ్డానికి వంగారు, తర్వాత గీతలు చదవడం మొదలుపెట్టారు. ఎవరో కళ్లజోడు తెప్పించుకున్నారు.

“ఈ సోమవారం మూడింటి గీత ఇక్కడెందుకు వంకరపోయింది?” అన్నాడు ఫోల్క్‌మార్.

“తను తన్నింది,” అన్నాడు ఓట్మార్.

“నీ చెవిపోటు పిల్లాడికి ఎలా ఉంది?” అని స్వాంట్యెని అడిగింది రోస్వీటా.

“తగ్గింది.”

“ఎన్ని రోజులకి?”

“ఒకటిన్నర రోజు.”

“తగ్గకపోతే ఎప్పుడు డాక్టరు దగ్గరికెళ్లాలో నేను చెప్పలేదు నీకు,” అంది రోస్వీటా. “చెప్పాల్సింది.”

స్వాంట్యె ఊపిరి పీల్చడం మర్చిపోయి నిలబడింది.

మూడో అంశం మూలికల గది. రోస్వీటా మూడువారాలు కూర్చుని తయారుచేసుకున్న ప్రసంగం సంచిలోంచి తీయనే లేదు. “నేనేం మాట్లాడను. ఎత్తేవాళ్లు ఎత్తండి, ఇంటికిపోయి కాలు పైకి పెట్టుకోవాలి,” అంది. నడవాలో పింగ్‌పాంగ్ బల్ల తెల్లగా మెరుస్తోంది.

ఎవరూ చీటీ ఎత్తలేదు. హెడ్‌విగ్ మాత్రం చేతిసంచి తెరిచింది. కళ్లజోడు పెట్టె, బిస్కెట్లు, రుమాలు ఒక్కొక్కటే బల్ల మీద పెట్టి, అడుగు నుంచి ఎర్ర చీటీ తీసింది. అయిపోయిందనుకుంది రోస్వీటా.

“ఇది పొద్దున్నే సంచిలో పెట్టుకుని వచ్చానమ్మాయ్,” అంది హెడ్‌విగ్, రాయి సంగతి పట్టించుకోకుండా. “నీ గది మీద ఎత్తుదామనే. నేను మన ఊరవతల నల్లడవి కొండల్లో ముప్పై ఎనిమిదేళ్లు నర్సుగా మోపెడ్ మీద తిరిగా. నువ్వు చూసినదానికంటే ఎక్కువ క్యాబేజీ నేను కాళ్లకి కట్టా. క్యాబేజీ మంచిదే. విప్పడం ఎప్పుడో తెలియనివాళ్లతోనే నా గొడవంతా. ఇలాంటి కాలే, ఒక పాలవాడిది. ఆకుల మీద ఆకులు కట్టుకుంటూ పోయారు. నేను వెళ్లేసరికి ఆ కాలు దక్కలేదు. నిన్ను చూసి, ఈ పిల్ల కూడా అదే రకం, దీనికి గదిస్తే ఇంట్లో ఎవరినో చంపుతుంది అనుకున్నా.”

“మరి?” అంది రోస్వీటా.

“నువ్వు విప్పావు కదే. కొంచెం ఆలస్యంగా. దొంగతనంగా. అయినా విప్పావు.” చీటీ మళ్లీ సంచిలో వేసుకుంది. “ఒక్క షరతు. ఆ గదిలో గుమ్మం పక్కన దారానికి ఒక పెన్ను కట్టి వేలాడదియ్యాలి. ఆకు కట్టించుకున్న ప్రతివాడూ గీత గీయించుకునే బయటికెళ్లాలి.”

షరతు వెంటనే ఒప్పుకున్నారు. ఏ పెన్ను అన్నదాని మీద మాత్రం గంటన్నర పట్టింది. ప్లాస్టిక్ బాల్‌పెన్ను కొందరికి పడలేదు. తేనెమైనపు రంగుకడ్డీ చెమటకి పోతుందన్నాడు ఓట్మార్. చివరికి ఆయన సర్వే శాఖ పెన్ను, సిరా మళ్లీ నింపుకునేది, దానమిచ్చాడు. తెల్లగా మెరుస్తున్న బల్లని ఏం చెయ్యాలన్నది వచ్చే నెలకి వాయిదా వేశారు. దానిమీద ఏం ఆరబెట్టొచ్చో రోస్వీటా ఇంటికెళ్తూనే లెక్కవేసుకుంది.

డబ్బాలో ఆఖరి మాత్ర కూడా అయ్యాక, పలక మంచం కిందనుంచి తీసి తలుపుకి కొట్టారు. గది తెరిచిన రోజు మొదట వచ్చింది ఫోల్క్‌మార్. ఆర్గన్ గొట్టం మీద పడి మోకాలు వాచింది. రోస్వీటా ఆకు నలిపి కట్టబోతూ ఆగి, పెన్ను అందుకుని వాపు చుట్టూ గీత గీసి, టైము వేసింది.

“రేపు పొద్దుటికి ఇది దాటితే?” అన్నాడు ఫోల్క్‌మార్.

“గేటు దగ్గర బండుంది. ఓట్మార్ తొక్కుతాడు.”

ఫోల్క్‌మార్ బండి వైపు చూశాడు. అందులో సగందాకా ఎరువుంది. “దాటదులే,” అన్నాడు. గుమ్మం దాకా కుంటుకుంటూ వెళ్లి, మళ్లీ వెనక్కి తిరిగాడు.

“వాడేసిన ఆకు గోధుమరంగు డబ్బాలోనే కదా? కట్టిన గుడ్డ వేరుగా?”

“గుడ్డ ఉతుకుతా ఫోల్క్‌మార్. ఇంటికెళ్లి కాలు పైకి పెట్టుకో.”